గెలిచినాయన మనకు నచ్చలేదు, ఇప్పుడేం చేయాలి? అమెరికా తెలుగువారి ప్రశ్నలు, జవాబులు

2024 నవంబరు 5న డొనాల్డ్ ట్రంప్ రెండోసారి గెలిచిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారింది. వీసా ప్రశ్నల్లోకి రాజకీయం చొరబడింది. ఆయన్ని ఒప్పుకోవడమెలా అని కొందరు, ఎదిరించడమెలా అని కొందరు, ఆయనకే ఓటేసి చుట్టాల మధ్య తలెత్తుకు తిరగడమెలా అని ఇంకొందరు రాస్తున్నారు. ఒకే తీరు ప్రశ్నలన్నీ కలిపి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కాలేజీలో ఉన్నాడు. ‘ఆయన నా ప్రెసిడెంటు కాదు’ అని రాసిన చొక్కా వేసుకు తిరుగుతున్నాడు. వాళ్ల నాన్నగారేమో ‘జనం ఎన్నుకున్నాక ఒప్పుకుని తీరాలి’ అంటారు. రోజూ అన్నాల దగ్గర ఇదే గొడవ. ఎవరి మాట సరైనది?
– ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఇద్దరూ ఒకే దాని గురించి మాట్లాడుకోవడం లేదమ్మా. మీవారు ఫలితం గురించి మాట్లాడుతున్నారు, అబ్బాయి మనిషి గురించి మాట్లాడుతున్నాడు. ఫలితానికి గడువులు ఉన్నాయి. అవి దాటాక ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా చట్టం దృష్టిలో తేడా లేదు. ఆయన చేసే పనులకు మాత్రం అలాంటి గడువు ఏదీ లేదు, నాలుగేళ్లూ అడ్డుకోవచ్చు.

ఫలితం ఎలా ఖాయమవుతుందో ఒకసారి చూడండి. నవంబరులో ఓట్లు పడ్డాక రాష్ట్రాలు లెక్క ఖరారు చేస్తాయి. డిసెంబరులో ఎలక్టర్లు (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ని లాంఛనంగా ఎన్నుకునేవారు) తమ తమ రాష్ట్రాల్లో కూడి ఓటేస్తారు. 2016లో అది డిసెంబరు 19న, 2024లో డిసెంబరు 17న జరిగింది. జనవరి 6న కాంగ్రెస్ ఉభయ సభలు కూర్చుని ఆ ఓట్లు లెక్కపెడతాయి. జనవరి 20 మధ్యాహ్నం పదవీకాలం మొదలవుతుంది. ఓడిన అభ్యర్థి ఫోన్ చేసి అభినందించడం మర్యాదే తప్ప చట్టంలో దానికి చోటు లేదు. చేయకపోతే ఏదీ ఆగదు.

2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, ఎలక్టర్లలో మాత్రం ట్రంప్‌దే పైచేయి. ఎలక్టర్లు మనసు మార్చుకోవాలంటూ 40 లక్షల మందికి పైగా ఆన్‌లైన్ అర్జీ మీద సంతకాలు పెట్టారు. చివరికి దారి తప్పిన ఎలక్టర్లు ఏడుగురు. వాళ్లలో ట్రంప్‌ను వదిలినవాళ్లు ఇద్దరే, మిగతా ఐదుగురు క్లింటన్ పక్షంవాళ్లు! ఇక ఆ దారి కూడా సన్నబడింది. మాట తప్పిన ఎలక్టరును రాష్ట్రం శిక్షించవచ్చని, తొలగించవచ్చని 2020 జులై 6న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

జనవరి 6నాటి అభ్యంతరాల సంగతీ అంతే. 2017లో ఫలితం మీద అభ్యంతరం చెబుతూ డెమోక్రాట్ ప్రతినిధులు కొందరు లేచారు కానీ చర్చకు కావలసిన సెనేటరు సంతకం ఒక్కటీ దొరకలేదు. సభ నడిపిన అప్పటి ఉపాధ్యక్షుడు జో బైడెన్ వాళ్లను కూర్చోబెట్టేశారు. 2021లో రిపబ్లికన్లకు సెనేటర్ల సంతకాలు దొరికాయి, అరిజోనా, పెన్సిల్వేనియాల మీద చర్చ జరిగింది, రెండూ వీగిపోయాయి. ఆ రోజు ట్రంప్ మద్దతుదారులు కాంగ్రెస్ భవనంలోకి చొరబడటం అందరూ చూశారు. అందుకే 2022 డిసెంబరులో చట్టం మార్చారు. అభ్యంతరం చర్చకు రావాలంటే ఇప్పుడు ప్రతి సభలో ఐదో వంతు మంది సంతకం కావాలి, అంటే ప్రతినిధుల సభలో 87 మంది, సెనేట్‌లో 20 మంది. ఉపాధ్యక్షుడికి ఓట్లు తోసిపుచ్చే అధికారం లేదని కూడా అందులో తేల్చి రాశారు. 2025 జనవరి 6న అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హ్యారిస్ తన ఓటమిని తానే చదివి వినిపించారు: ఎలక్టర్ల ఓట్లు ట్రంప్‌కు 312, తనకు 226.

కాబట్టి లెక్క దగ్గర మీవారిది నిజం. చొక్కా దగ్గర అబ్బాయిదీ తప్పు కాదు, పౌరుడు ఆ మాట అనుకోవచ్చు, రాసుకోవచ్చు. అయితే ఆ చొక్కా ఎవరి నిర్ణయాన్నీ మార్చదు. ఏం మారాలో అబ్బాయిని అడగండి. ‘ఫలానా ఉత్తర్వు’ అనో ‘ఫలానా బిల్లు’ అనో జవాబు వస్తే కింద రాసినవి అతనికి పనికొస్తాయి.

ప్రశ్న: ఓట్ల లెక్కలో మోసం జరిగిందని నా గట్టి నమ్మకం. మళ్లీ లెక్కించమని అడిగితే ఏమవుతుంది?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: రీకౌంట్ రాష్ట్ర చట్టం ప్రకారం జరుగుతుంది. చాలా చోట్ల అభ్యర్థే అడగాలి, ఓటరు అడిగితే కుదరదు. తేడా అర శాతం లోపు ఉంటే ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో ఎవరూ అడగక్కర్లేదు, దానంతటదే మొదలవుతుంది.

విస్కాన్సిన్‌ను చూస్తే రీకౌంట్‌తో ఎంత మారుతుందో తెలుస్తుంది. 2016లో గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్ డబ్బు కట్టి రాష్ట్రమంతా మళ్లీ లెక్కపెట్టించారు. అప్పటికి ట్రంప్ ఆధిక్యం 22 వేల చిల్లర. లెక్క పూర్తయ్యేసరికి ఆ ఆధిక్యం ఇంకో 131 ఓట్లు పెరిగింది. 2020లో అదే రాష్ట్రంలో ట్రంప్ పక్షం దాదాపు 30 లక్షల డాలర్లు కట్టి రెండు కౌంటీల్లో లెక్కపెట్టిస్తే బైడెన్ ఆధిక్యం 87 ఓట్లు పెరిగింది. రెండుసార్లూ ముందున్నవాళ్ల ఆధిక్యమే పెరిగింది. మళ్లీ లెక్కపెడితే మారేవి వందల్లో ఉంటాయి, వేలల్లో ఉండవు. 2016 తర్వాత ఆ రాష్ట్రం చట్టం కూడా బిగించింది. ఒక శాతం తేడా లోపు ఓడినవాళ్లే ఇప్పుడు అక్కడ అడగగలరు.

నమ్మకం ఉంటే సరిపోదు, కోర్టుకు ఫలానా పోలింగ్ కేంద్రం, ఫలానా ఓట్లు అని చూపాలి. వచ్చే ఎన్నికకు మీ కౌంటీలో పోల్ వర్కరుగా చేరండి, శిక్షణ ఇస్తారు, రోజుకూలీ కూడా ఇస్తారు. పౌరసత్వం ఉండాలి. యంత్రాన్ని ఎలా పరీక్షిస్తారో, సీలు ఎవరు వేస్తారో, చీటీలూ సంతకాలూ ఎలా సరిచూస్తారో కళ్లారా చూడవచ్చు.

ప్రశ్న: మావాడు హెచ్1బి మీద ఉన్నాడు. అక్కడ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపులకు వెళుతున్నాడని ఫేస్‌బుక్‌లో ఫొటోలు చూశాం. మా కోడలు కూడా వెళుతోంది. భయంగా ఉంది. వద్దని చెప్పమంటారా?
– ఖమ్మం

జవాబు: అయ్యా, మీ భయంలో కొంత నిజముంది. ఏ భాగం నిజమో మాత్రం తెలుసుకుని మాట్లాడండి.

భావప్రకటన స్వేచ్ఛ అమెరికా నేల మీద ఉన్నవారికి పౌరసత్వం లేకపోయినా ఉంటుంది. రాకపోకలకు అడ్డు రాకుండా ఫుట్‌పాత్ మీద ప్లకార్డు పట్టుకు నిలబడటానికి సాధారణంగా అనుమతి అక్కర్లేదు. రోడ్డు మీద నడవాలన్నా, మైకు పెట్టాలన్నా నగరం దగ్గర పర్మిట్ తీసుకోవాలి. వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్‌లో 25 మంది దాటితే పార్కుల శాఖ పర్మిట్ కావాలి. కాబట్టి మీవాడు ముందుగా నిర్వాహకులను అడగాల్సినవి రెండు: పర్మిట్ ఉందా, ఏ దారికి, ఎన్ని గంటలకు ఉంది?

చిక్కంతా పర్మిట్ గడువు అయిపోయాక వస్తుంది. పోలీసులు మైకులో వెళ్లిపొమ్మని చెబుతారు. చాలామంది ‘మనమేం చేశాం’ అని అక్కడే నిలబడతారు. నిరసనల దగ్గర అరెస్టులు ఎక్కువగా వెళ్లమంటే వెళ్లలేదనో, రోడ్డు అడ్డగించారనో జరిగేవే. పౌరుడికైతే అది చిన్న కేసు, మర్నాడు ఇంటికొస్తాడు. వీసా మీద ఉన్నవాడికి ఆ చిన్న కేసే ఏళ్ల తరబడి వెంటాడుతుంది. వీసా దరఖాస్తు డిఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు కొట్టేసినా అవుననే రాయాలి. లేదని రాస్తే అరెస్టు కంటే ఆ అబద్ధమే ఎక్కువ ముంచుతుంది. గ్రీన్‌కార్డు ఫారంలోనూ, పౌరసత్వం ఫారంలోనూ ఇదే ప్రశ్న ఉంటుంది. కాబట్టి మొదటి హెచ్చరిక వినపడగానే బయటికి నడవాలి, వీడియో తీస్తూ నిలబడకూడదు.

వెళ్లేటప్పుడు జేబులో ఏముండాలంటే: అమెరికాలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు ఐ-94 ప్రింటు (18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర ఉంచుకోవాలని చట్టం), డ్రైవింగ్ లైసెన్సు, లాయరు నంబరు కాగితం మీద రాసి. ఫోను చచ్చిపోవచ్చు. ఫోనుకు వేలిముద్ర, ముఖం తాళాలు తీసేసి అంకెల తాళం పెట్టుకోవాలి. పాస్‌పోర్టు ఇంట్లోనే ఉంచడం మేలు, పోతే మళ్లీ తెచ్చుకోవడం పెద్ద తతంగం. పోలీసు ఆపితే ‘నేను వెళ్లొచ్చా?’ అని అడగాలి. వెళ్లొచ్చంటే వెళ్లిపోవాలి. కాదంటే పేరు చెప్పి, లాయరు వచ్చేదాకా మాట్లాడనని చెప్పాలి. అబద్ధం మాత్రం ఆడకూడదు. నిర్బంధిస్తే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని నోరు తెరిచి అడగాలి. మనం అడగకపోతే వాళ్లంతట వాళ్లు కాన్సులేట్‌కు చెప్పాల్సిన పని లేదు. కేసు ఎలా ముగిసినా కోర్టు నుంచి ధ్రువీకరించిన తుది కాగితం రెండు ప్రతులు తీసుకుని దాచాలి. పదేళ్ల తర్వాత అడిగితే ఆ కోర్టులో ఫైలు దొరక్కపోవచ్చు.

ఇక ఫొటోల సంగతి. 2019 నుంచి వీసా ఫారంలో ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు, అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్1బి, వారి కుటుంబాలకిచ్చే హెచ్4 అడిగేవారు ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని విదేశాంగ శాఖ ఆదేశించింది. ఆ డిసెంబరులో హైదరాబాదుతో సహా మన కాన్సులేట్లలో ఇంటర్వ్యూలు మూకుమ్మడిగా వాయిదా పడి, సెలవులకొచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకుపోయారు. 2025 మార్చిలో కొలంబియా యూనివర్సిటీ నిరసనల్లో ముందున్న ఒక గ్రీన్‌కార్డుదారుణ్ని ఏ నేరం మోపకుండానే పట్టుకెళ్లి మూడు నెలలకు పైగా నిర్బంధంలో ఉంచారు, ఆ తర్వాత కోర్టు విడుదల చేయించింది. హక్కు ఉన్నమాట నిజమే కానీ దాన్ని నిలబెట్టుకునేలోపు ఎన్ని నెలలు పోతాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పాత పోస్టులు తీసేయమని మేం చెప్పం. ఇంటర్వ్యూ ముందు రోజు ఖాళీ అయిన ఖాతా ఇంకో అనుమానం తెస్తుంది. ఫారంలో రాసిన ఖాతాలు సరిగ్గా ఉండాలి, మర్చిపోయిన పాత ఖాతా ఉంటే అదీ రాయాలి. వీసా స్టాంపింగు కోసం ఇండియా రావాల్సిన ఏడాదిలో కొంచెం ఆచితూచి నడుచుకోమనండి. ‘మీ వీసా రద్దయింది’ అని కాన్సులేట్ నుంచి ఈమెయిలు వస్తే కంగారు పడొద్దు: రద్దయింది పాస్‌పోర్టులో స్టాంపు, ఐ-94 మీద ఉన్న హోదా వేరు. ఆ స్థితిలో మాత్రం లాయరును అడక్కుండా విమానం ఎక్కకూడదు.

ఉద్యోగం గురించి కూడా ఒక మాట. ప్రైవేటు కంపెనీకి రాజ్యాంగంలోని భావప్రకటన హామీ వర్తించదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో పని వేళల బయట చేసే రాజకీయానికి చట్టం రక్షణ ఉంది, చాలా రాష్ట్రాల్లో లేదు. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. వద్దని చెప్పకండి, ఇవన్నీ తెలిసే వెళుతున్నాడా అని అడగండి.

ప్రశ్న: మాది గ్రీన్‌కార్డు. ఓటు లేదు. మా కాంగ్రెస్ సభ్యుడికి ఫోన్ చేస్తే పట్టించుకుంటారా? ఏం మాట్లాడాలి?
– మోరిస్‌విల్, నార్త్ కరోలినా

జవాబు: పట్టించుకుంటారు. నియోజకవర్గాలు గీసేది జనాభా లెక్కల మీద, ఓటర్ల జాబితా మీద కాదు. 2020 లెక్క ప్రకారం ఒక్కో ప్రతినిధి కింద సగటున 7 లక్షల 60 వేల మంది ఉంటారు, వాళ్లలో మీరూ ఒకరు. ‘ఓటరును’ అని మాత్రం చెప్పకండి, ‘ఈ నియోజకవర్గంలో ఉంటున్నాను’ అనండి.

కాంగ్రెస్ భవనం (కాపిటల్) స్విచ్‌బోర్డు నంబరు 202-224-3121. జిప్ కోడ్ చెబితే మీ ప్రతినిధి ఆఫీసుకు కలుపుతారు. అక్కడ ఫోనెత్తేది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడో అమ్మాయో. విషయం ఏమిటి, అనుకూలమా వ్యతిరేకమా, జిప్ కోడ్ ఏది, ఇంతే కంప్యూటర్లో ఎక్కిస్తారు. కాబట్టి వాళ్లకు ఎక్కించుకోవడానికి వీలుగా మాట్లాడాలి. పేరు, ఊరు, జిప్. తర్వాత బిల్లు నంబరు. తర్వాత ఒకే ఒక్క కోరిక: ‘దీనికి వ్యతిరేకంగా ఓటేయమని అడుగుతున్నాను’ లేదా ‘మద్దతుగా సంతకం పెట్టమని అడుగుతున్నాను’. తర్వాత మీ ఇంట్లో దాని వల్ల ఏమవుతుందో రెండు వాక్యాలు. చివర్లో ‘దీని మీద సభ్యుడు ఇప్పటికే వైఖరి చెప్పారా?’ అని అడిగి జవాబు రాసుకోండి. రెండు నిమిషాలకు మించదు.

ఎక్కడ దెబ్బతింటుందంటే: ఒకే ఫోనులో ఐదు విషయాలు చెబితే ఒక్కటీ ఎక్కదు. పక్క రాష్ట్రం సెనేటరుకు చేసినా జిప్ చూసి పక్కన పెట్టేస్తారు. ‘ఆయన్ని దించేయండి’ అంటే ఎందులో రాసుకోవాలో వాళ్లకే తెలియదు. పోస్టు ఉత్తరం వద్దు. 2001 ఆంత్రాక్స్ ఘటన తర్వాత కాంగ్రెస్‌కు వచ్చే ఉత్తరాలన్నీ వేరే చోట తనిఖీ అయి వస్తాయి, అప్పటికి ఓటింగే అయిపోవచ్చు. ఊళ్లో ఉండే జిల్లా ఆఫీసుకు నలుగురు కలిసి ముందే సమయం అడిగి వెళ్లడం ఫోను కంటే బలమైనది.

ఇదే ఆఫీసు ఇంకో పని కూడా చేస్తుంది, మనవాళ్లు దీన్ని తక్కువగా వాడుకుంటారు. ఇమిగ్రేషన్ ఫైలు మామూలు గడువు దాటి ఆగిపోతే, రసీదు నంబరుతో ‘ప్రైవసీ రిలీజ్’ ఫారం నింపి ఇస్తే వాళ్లు శాఖకు రాసి కనుక్కుంటారు. సభ్యుడి పార్టీతో, మీ రాజకీయంతో దీనికి సంబంధం లేదు. ఆయన్ని తిట్టిన వారంలో కూడా ఈ సాయం అడగవచ్చు.

ప్రశ్న: మాకు త్వరలో బిడ్డ పుట్టబోతోంది. ఇద్దరం హెచ్ వీసాల మీద ఉన్నాం. ప్రెసిడెంటు ఒక్క సంతకంతో పౌరసత్వం తీసేయగలరా? మేం ఏం చేయగలం?
– ఆల్ఫారెట్టా, జార్జియా

జవాబు: ప్రెసిడెంటు ఉత్తర్వు ప్రభుత్వ శాఖలకు ఇచ్చే ఆదేశం. చట్టాన్నీ రాజ్యాంగాన్నీ అది దాటకూడదు. దాటిందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. 2025 జనవరి 20న సంతకమైన 14160 నంబరు ఉత్తర్వు ఏమందంటే: తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి (లేదా చట్టబద్ధ హోదా లేక), తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, ఆ ఫిబ్రవరి 19 నుంచి పుట్టే బిడ్డను పౌరుడిగా గుర్తించవద్దు. అమ్మానాన్నల్లో ఏ ఒక్కరికి గ్రీన్‌కార్డున్నా ఆ బిడ్డ దీని కిందికి రాదు. ఈ ముక్క తెలియక చాలామంది భయపడుతున్నారు.

మూడో రోజే సియాటిల్ ఫెడరల్ జడ్జి దాన్ని ఆపేశారు. జూన్ 27న సుప్రీంకోర్టు, దేశమంతటికీ వర్తించే స్టేలు కింది కోర్టులు ఇష్టం వచ్చినట్టు ఇవ్వకూడదంది. ఉత్తర్వు మంచిదా చెడ్డదా అన్నది ఆ తీర్పులో తేల్చలేదు. వెంటనే దావా రూపం మార్చారు. పిల్లలందరినీ ఒక వర్గంగా చూపి వేసిన కేసులో జులై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి మళ్లీ ఆపారు. డిసెంబరు 5న సుప్రీంకోర్టు అసలు విషయాన్నే విచారణకు తీసుకుంది. పత్రిక మీ చేతికొచ్చేసరికి కేసు ఎక్కడుందో ప్రసవం వారంలో మళ్లీ చూసుకోండి, వాట్సాప్ ఫార్వర్డు మీద ఆధారపడొద్దు.

మీ చేతిలో ఉన్న పనులు ఇవి. ఇద్దరి పాస్‌పోర్టులు, ఐ-94లు, ఐ-797లు (వీసా హోదా ఆమోద పత్రాలు), పెళ్లి సర్టిఫికెట్ ఒక ఫైల్లో పెట్టండి. ఆస్పత్రిలో సోషల్ సెక్యూరిటీ నంబరుకు అక్కడే అడగండి. జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు వివరంగా ఉన్న పెద్ద ప్రతి రెండు తీసుకోండి. అమెరికా పాస్‌పోర్టుకు డిఎస్-11 ఫారంతో బిడ్డనూ తీసుకుని ఇద్దరూ స్వయంగా వెళ్లాలి, 100 డాలర్లు రుసుము, అంగీకార రుసుము 35. భారత పౌరసత్వం దారి వేరు: కాన్సులేట్‌లో ఏడాదిలోపు జననం నమోదు చేయాలి, వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఏ దారిన వెళ్లాలో తొందరపడి మొదటి నెలలోనే తేల్చేయకండి.

ఇక ఎదిరించడం గురించి. ఉత్తర్వును కోర్టే ఆపగలదు, దానికి దావా వేసే సంస్థకు నిజమైన కుటుంబాల ప్రమాణపత్రాలు కావాలి. పేరు బదులు పొడి అక్షరాలతో వేయడానికి కోర్టు ఒప్పుకోవచ్చు. ఉత్తర్వు కాకుండా ‘నిబంధన’ మార్చదలిస్తే మాత్రం ప్రభుత్వం 1946 నాటి చట్టం ప్రకారం ముసాయిదా ప్రచురించి, సాధారణంగా 30 నుంచి 60 రోజులు జనాభిప్రాయం తీసుకోవాలి. ఇక్కడ మనకు ఓటు అక్కర్లేదు, పౌరసత్వం కూడా అక్కర్లేదు. రెగ్యులేషన్స్ డాట్ గవ్ సైట్లో డాకెట్ నంబరుతో వెతికి రాయవచ్చు. ఒకే మూస ఉత్తరం వెయ్యి మంది పంపితే దాన్ని ఒక్క అభ్యంతరంగానే కట్టకట్టి పక్కన పెడతారు. మీ జీతం, మీ ఇంటి వాయిదా, మీరు ఉద్యోగం మానితే కంపెనీకి మీ చోట మనిషి దొరుకుతాడా లేదా, ఇలాంటి లెక్క రాయండి. ముఖ్యమైన అభ్యంతరానికి శాఖ జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే కోర్టులో ఆయుధం అవుతుంది. రాసింది అందరికీ కనిపిస్తుంది కనుక పాస్‌పోర్టు నంబరు, ఎ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే నంబరు) పెట్టకండి.

ఇది పనిచేస్తుందా? 2020 అక్టోబరులో హెచ్1బి వేతనాలను ఒక్కసారిగా పెంచే నిబంధనను కార్మిక శాఖ అభిప్రాయాలు అడక్కుండా రాత్రికి రాత్రి అమల్లోకి తెచ్చింది, కోవిడ్ అత్యవసరం అని సాకు చెప్పింది. డిసెంబరు 1న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది, ఆ తొందరే కారణం. హెచ్4 వారి పని అనుమతి రద్దు చేస్తామని మొదటి ట్రంప్ ప్రభుత్వం పదేపదే ప్రకటించినా ముసాయిదా బయటికి రాలేదు, 2021 జనవరిలో ఫైలు వెనక్కి తీసుకున్నారు. ప్రతిసారీ ఇలా జరగదు. 2017 జనవరి 27 నాటి ప్రయాణ నిషేధాన్ని కోర్టులు వారంలోనే ఆపాయి, కానీ ప్రభుత్వం రెండుసార్లు తిరగరాసింది. మూడో రూపాన్ని 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5–4తో నిలబెట్టింది. మొదటి గెలుపుకు మిఠాయిలు పంచినవాళ్లు చాలామంది మూడో రూపం చదవనే లేదు.

ప్రశ్న: నేను ట్రంప్‌కే ఓటేశాను. దాచుకోలేదు. ఇప్పుడు మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో నన్ను రోజూ నిలదీస్తున్నారు. సంఘం తరఫున ప్రభుత్వాన్ని ఖండిస్తూ తీర్మానం చేస్తారట. చేయవచ్చా?
– ట్రాయ్, మిషిగన్

జవాబు: మీ ఓటు గురించి మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదండీ. 2024లో దేశం మొత్తం మీద ఓటేసినవాళ్లలో దాదాపు సగం మంది ట్రంప్‌కే వేశారు. ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉషా చిలుకూరి తెలుగు ఇంటి ఆడపడుచని తెలిసి సంబరపడిన నోళ్లే ఇప్పుడు మిమ్మల్ని నిలదీయడం మాకు కాస్త వింతగా ఉంది. అయితే వీసాల మీద ఉన్నవాళ్ల కోపం మీరు నచ్చచెబితే పోయేది కాదు, అది వాళ్ల ఇంటి అద్దెకూ పిల్లల బడికీ సంబంధించింది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్1బికి లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చిన రాత్రి జనం విమానాలు దిగిపోయి, పెళ్లిళ్లు వదిలేసి వెనక్కి పరిగెత్తారు. పాత వీసాలకు అది వర్తించదని మర్నాడు గానీ ప్రభుత్వం తేల్చి చెప్పలేదు.

తీర్మానం సంగతి: మీ సంఘం 501(సి)(3) కింద పన్ను మినహాయింపు పొందినదైతే, 1954 నుంచి ఉన్న నిబంధన ప్రకారం అభ్యర్థిని బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు, ప్రచారానికి డబ్బివ్వకూడదు. ఒక విధానం మీద మాట్లాడవచ్చు. ‘ఈ రుసుము మా సభ్యులకు నష్టం’ అనవచ్చు, ‘ఈయన్ని ఓడించండి’ అనకూడదు. ముసాయిదా ముందే అడగండి, అందులో మనిషి పేరు ఉందా విధానం పేరు ఉందా చూడండి. తర్వాత బైలాస్ తీసి, తీర్మానానికి ఎన్ని రోజుల నోటీసు, ఎంతమంది కోరం అన్నది చూడండి. చాలా సంఘాల్లో ఇది వాట్సాప్‌లో చేతులెత్తే ఎమోజీలతో అయిపోతుంది, అది చెల్లదు. మీకు అభ్యంతరముంటే రాసిచ్చి మినిట్స్‌లో నమోదు చేయమనండి.

ప్రశ్న: హెచ్1బి మీద ఉండి ప్రతిపక్షానికి 50 డాలర్లు చందా ఇవ్వవచ్చా?
– బెల్వ్యూ, వాషింగ్టన్

జవాబు: కూడదు. స్కూలు బోర్డు ఎన్నికకైనా సరే, ఒక్క డాలరైనా సరే, విదేశీయులు ఇవ్వడం చట్టవిరుద్ధం. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వవచ్చు. 2025–26లో ఫెడరల్ అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల దాకా. 200 దాటితే మీ పేరు, కంపెనీ పేరు బయటికి కనిపిస్తాయి. గ్రీన్‌కార్డున్న భార్య పేరు మీద భర్త డబ్బు పంపడం ఇంకా పెద్ద తప్పు. జీతం తీసుకోకుండా కరపత్రాలు పంచడం, ఫోన్లు చేయడం అభ్యంతరం లేదు, ఖర్చుల నిర్ణయాల్లో మాత్రం వేలు పెట్టకూడదు.

ప్రశ్న: మన దగ్గర అవిశ్వాసం పెట్టి ప్రధానిని దించుతారు కదా, అక్కడ అభిశంసనతో ఎందుకు దించలేకపోతున్నారు?
– గుంటూరు

జవాబు: లోక్‌సభలో సగానికి ఒక్క ఓటు తక్కువైతే చాలు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో అలాగే పడిపోయింది, తెలుగుదేశం అండగా ఓటేసినా ఆగలేదు. అమెరికాలో ప్రతినిధుల సభ మామూలు మెజారిటీతో అభియోగం మోపుతుంది, కానీ తొలగించాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతులు, అంటే అందరూ ఓటేస్తే 67 మంది కావాలి. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటుతో బతికిపోయారు. క్లింటన్ మీద ఒకసారి, ట్రంప్ మీద రెండుసార్లు పెట్టారు. 2021లో 57 దాకా వచ్చి ఆగింది. ఇంతవరకూ ఒక్క అధ్యక్షుడినీ ఇలా తొలగించలేదు. అధ్యక్షుడు బాధ్యతలు మోయలేని స్థితిలో ఉన్నారని పక్కన పెట్టే 25వ సవరణకు ఉపాధ్యక్షుడే ముందుకు రావాలి, ఆ నాలుగో సెక్షనును ఇప్పటిదాకా వాడలేదు. అక్కడ అధ్యక్షుడి చేతులు కట్టేది ఆయన పదవీకాలం మధ్యలో, రెండేళ్లకు వచ్చే మధ్యంతర ఎన్నికే. 2010లో ఒబామాకు, 2018లో ట్రంప్‌కు ప్రతినిధుల సభ చేజారింది అలాగే.

ప్రశ్న: ఆ మధ్యంతర ఎన్నికలో ఓటేద్దామని పౌరసత్వానికి పెట్టాలనుకుంటున్నాను. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కావస్తోంది. ఇంతలో డ్రైవింగ్ లైసెన్సు మార్పించుకున్నప్పుడు ఓటరు కార్డు ఇంటికొచ్చింది! ఓటు మాత్రం వేయలేదు.
– నేపర్విల్, ఇల్లినాయి

జవాబు: ఐదేళ్లకు 90 రోజుల ముందు నుంచి పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేయవచ్చు, ఆన్‌లైన్లో 710 డాలర్లు, కాగితం మీద 760. 2025 అక్టోబరు 20 తర్వాత వేసినవారికి పౌర పరీక్ష కొత్తది: 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఓటరు నమోదుకు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఎక్కడైనా ఎన్నికకు 30 రోజుల కంటే ముందే ముగియదు. ప్రమాణం చేశాక ఆలస్యం చేయకుండా నమోదు చేయించుకోండి.

కానీ ముందు ఆ కార్డు సంగతి తేల్చాలి. లైసెన్సు కౌంటర్లో పౌరసత్వం ఉందన్న పెట్టెలో టిక్ పడి ఉంటే, పొరపాటున పడినా, దాన్ని పౌరసత్వం గురించి అబద్ధపు ప్రకటనగా చూస్తారు. దీనికి దాదాపు మినహాయింపులు లేవు, గ్రీన్‌కార్డే పోవచ్చు. ఎన్-400లో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని సూటిగా అడుగుతారు. కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి మీ నమోదు దరఖాస్తు ప్రతి, ఓటు వేయలేదన్న రికార్డు ధ్రువీకరించి తెప్పించుకోండి. అందులో మీ సంతకం ఏ వాక్యం కింద ఉందో ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. నమోదు రద్దు చేయమని రాసే ఉత్తరం కూడా ఆయన చూశాకే పంపి, ప్రతి దాచుకోండి. అప్పటిదాకా ఎన్-400 పంపొద్దు.